గీత బాగుంది, మనిషి బాగున్నాడా?

(గుండెకీ కంటికీ వాడే మందులు ఎంత బాగా పనిచేస్తున్నాయో ఎలా తేలుస్తారన్న విషయం మీద చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, రెండోసారి చెప్పినవి మాత్రం తీసేశాం.)

నమస్కారమండీ. వెనక వరుస వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

మొదలుపెట్టే ముందు మీ అందరితో ఒక చిన్న పని చేయిస్తాను. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఉంచుకోండి. ఎడమ కన్ను అరచేత్తో మూసుకోండి. వేళ్ళతో కాదు, సందుల్లోంచి చూసేస్తారు. (నవ్వులు) నా వెనక తెర మీద అక్షరాలున్నాయి కదా, అందులో అన్నిటికన్నా కింది వరుస మనసులో చదువుకోండి. అయిందా? ఇప్పుడు చెయ్యి మార్చండి. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో అదే వరుస చదవండి.

రెండోసారి ఎంత తొందరగా అయిపోయిందో చూశారా? మీ ఎడమ కన్ను అంత చురుకైనదని కాదు. ఆ వరుస మీకు అప్పటికే నోటికి వచ్చేసింది.

నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు ఒక కంటి మందు ట్రయల్లో, అంటే మందుని మనుషుల మీద పరీక్షించి చూసేచోట, నాకు అప్పజెప్పిన పని ఇదే, అక్షరాల చార్టు చదివించడం. ఒక పెద్దావిడ వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ ముందటికన్నా నాలుగైదు అక్షరాలు ఎక్కువ చదివేవారు. మందు బ్రహ్మాండంగా పట్టిందని నేను సంబరపడిపోయాను. తీరా చూస్తే సంగతేమిటంటే, నేను తలుపు వేయడం లేదు. ముందు మనిషి లోపల పైకి చదువుతుంటే, బయట బెంచీ మీద కూర్చుని ఆవిడ వల్లె వేసుకుంటున్నారు. మోసం చేద్దామని కాదు పాపం. "బాగా చదివితే నీ మొహం వెలిగిపోతుంది కదా బాబూ" అన్నారు. ఆ కొలతలన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. తప్పు ఆవిడది కాదు, నాది.

అందుకే పద్ధతిగా చేసే కంటి ట్రయల్స్‌లో కుడి కంటికి ఒక చార్టు, ఎడమ కంటికి ఇంకో చార్టు. దూరం 4 మీటర్లు. వరుసకి 5 అక్షరాలు. చార్టు మీద వెలుగు ఎంతుండాలో కూడా ముందే రాసుకుంటారు. రోగి "కనబడటం లేదు" అంటే వదిలెయ్యకూడదు, "తోచింది చెప్పండి" అనాలి. అదీ అందరితో ఒకే మాటగా అనాలి. ఎందుకంటే కొందరు మొహమాటానికి ఆగిపోతారు, కొందరు ధైర్యంగా ఏదో ఒకటి చెప్పేస్తారు. బతిమాలి అడిగితే రెండు మూడు అక్షరాలు పెరుగుతాయి. అవి మందు తెచ్చినవి కావు, బతిమాలడం తెచ్చినవి. ఈ చాదస్తమంతా చూస్తే నవ్వొస్తుంది గానీ, ప్రతి నియమం వెనకా నాలాంటి వాడొకడు తలుపు వేయడం మరిచిపోయి ఉంటాడు.

సరే, అసలు విషయానికి వస్తాను. "ఈ మందు పనిచేస్తుందా?" అని అడుగుతాం. వినడానికి ఒక్క ప్రశ్నే. లోపల రెండున్నాయి. మనం కొలిచే అంకె మారిందా అనేది ఒకటి. ఆ అంకె మారడం వల్ల మనిషికి ఏమైనా ఒరిగిందా అనేది రెండోది. మొదటిదానికి జవాబు వారాల్లో వస్తుంది. రెండోదానికి ఏళ్ళు పడుతుంది. ఏళ్ళు ఎదురుచూసే ఓపిక లేక మొదటి జవాబునే రెండోదానికి కూడా అతికించేస్తాం. ఆ అతుకు దగ్గరే ప్రాణాలు పోయాయి. అతిశయోక్తి కాదు, లెక్క చెప్తాను.

గుండెపోటు వచ్చి బయటపడ్డ కొందరికి ఆ తర్వాత ఈసీజీలో మధ్యమధ్య అదనపు స్పందనలు కనిపిస్తాయి. టక్ టక్ మని సాగే లయలో ఒక తప్పుడు దెబ్బ. అలాంటివి ఎక్కువ ఉన్నవాళ్ళు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువని అప్పటికే తెలుసు. ఆ తప్పుడు దెబ్బల్ని అణిచే మందులూ అప్పట్లో ఉండేవి, ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అని. మందు వేస్తే ఈసీజీ గీత శుభ్రంగా, గీసినట్టు వస్తుంది. ఇంకేం కావాలి? డాక్టర్లు రాశారు, రోగులు వాడారు. దాన్ని సరిగ్గా పరీక్షిద్దామని అమెరికాలో కాస్ట్ అనే ట్రయల్ మొదలుపెట్టినప్పుడు, ఇంత మంచి మందు ఉండగా సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం అన్యాయం కదా అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ ట్రయల్లో ముందు అందరికీ మందు ఇచ్చి చూశారు. ఎవరికైతే తప్పుడు దెబ్బలు బాగా తగ్గాయో వాళ్ళనే ఉంచుకున్నారు. అంటే అక్కడ మిగిలిన వాళ్ళంతా మందు "పనిచేసిన" వాళ్ళే. వాళ్ళని చీటీలు తీసినట్టు రెండుగా పంచి, ఒక సగానికి అసలు మందు, ఇంకో సగానికి ప్లాసిబో, అంటే మందు లేని మాత్ర ఇచ్చారు. సగటున 10 నెలలు గడిచేసరికి మందు వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు. ప్లాసిబో వాడిన 743 మందిలో 26 మంది. ఆ రెండు మందులతో ట్రయల్‌ని 1989లోనే ఆపేశారు. పూర్తి లెక్కలు 1991లో అచ్చయ్యాయి.

గీత బాగుపడింది. మనుషులు పోయారు. ఆ మందు తప్పుడు దెబ్బల్ని అణిచింది నిజమే, కానీ గుండెపోటుతో దెబ్బతిన్న కండరంలో విద్యుత్తు ప్రయాణించే వేగాన్ని కూడా తగ్గించి, వాటికన్నా ప్రమాదకరమైన లయలకి తావిచ్చింది. విడివిడిగా ఒక్కో డాక్టరూ ఈ సంగతి పట్టుకోలేకపోయారంటే వాళ్ళ తెలివితక్కువ కాదు. గుండెపోటు వచ్చిన రోగి చనిపోతే ఎవరైనా ఏమనుకుంటారు? "జబ్బే అలాంటిది, మందు వల్ల ఇన్నాళ్ళయినా ఉన్నాడు" అనుకుంటారు. పక్కన ప్లాసిబో గుంపు ఉంటే తప్ప ఆ 63 పక్కన 26 కనిపించదు.

ఇలాంటిదే ఇంకో కథ ఉంది, దాని పక్కనే దానికి పూర్తిగా ఎదురు కథ కూడా ఉంది. గుండె బలహీనపడి రక్తాన్ని సరిగ్గా తోయలేని స్థితిని హార్ట్ ఫెయిల్యూర్ అంటాం. నీరసపడ్డ గుండెని గట్టిగా కొట్టుకునేలా చేస్తే మంచిది కదా? మిల్రినోన్ అనే మందు అదే చేస్తుంది. గుండె పంపింగ్ కొలతలన్నీ మెరుగవుతాయి. 1088 మంది రోగుల మీద మాత్రల రూపంలో పరీక్షించి 1991లో ప్రకటించిన ఫలితం చూస్తే, మరణాలు 28 శాతం పెరిగాయి. అలిసిపోయిన ఎద్దుని కొరడాతో కొడితే నాలుగడుగులు గబగబా వేస్తుంది, తర్వాత కూలబడుతుంది.

మరి బీటా బ్లాకర్ల సంగతి? అవి గుండె వేగాన్నీ, బలాన్నీ తగ్గించేవి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకి వాటిని ఇవ్వనే కూడదని పాఠ్యపుస్తకాల్లో రాసి ఉండేది. స్వీడన్‌లో కొందరు డాక్టర్లు 1975లోనే ఆ నియమాన్ని కాదని ఇచ్చి చూశారు, రోగులు కోలుకున్నారని రాశారు. నమ్మినవాళ్ళు తక్కువ. 1999లో మెటోప్రొలాల్ మీద 3991 మందితో చేసిన మెరిట్ ట్రయల్ లాంటివి వచ్చాక గానీ మాట పూర్తిగా మారలేదు. ప్లాసిబో గుంపులో 217 మంది చనిపోతే, మందు గుంపులో 145 మంది. ఇందులోనూ ఒక కిటుకు ఉంది. ఇది మొదటి వారాల్లో కొందరికి ఆయాసం పెంచుతుంది. చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, రెండేసి వారాలకొకసారి పెంచుకుంటూ పోవాలి. మొదటి నెలలోనే తూచి తీర్పు ఇచ్చి ఉంటే ఈ మందుని పారేసేవాళ్ళం, మిల్రినోన్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్ళం.

ఇక అంకెలు చెప్పే తీరు గురించి ఒక మాట. డాపాగ్లిఫ్లోజిన్ అని ఉంది, మొదట షుగర్‌కి వచ్చిన మందు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 4744 మంది మీద పరీక్షించి 2019లో ఫలితం చెప్పారు. ముప్పు 26 శాతం తగ్గిందని హెడ్డింగ్. అది నిజమే. అదే విషయాన్ని ఇలా చెప్తాను వినండి. ఏడాదిన్నర కాలంలో జబ్బు ముదరడమో, గుండె జబ్బుతో చనిపోవడమో ప్లాసిబో గుంపులో నూటికి 21 మందికి జరిగింది, మందు గుంపులో నూటికి 16 మందికి జరిగింది. అంటే నూరు మంది వాడితే అయిదుగురు గట్టెక్కారు. నా దృష్టిలో ఇది చాలా మంచి మందు. కానీ "26 శాతం" అన్నప్పుడు మీ మనసులో మెదిలిన బొమ్మా, "నూటికి అయిదుగురు" అన్నప్పుడు మెదిలిన బొమ్మా ఒకటి కాదు కదా. ఎవరైనా శాతం చెప్తే "దేంట్లో శాతం?" అని అడగండి. తప్పేం లేదు.

నవ్వుకోడానికి ఇంకోటి. 1988లో ఐసిస్-2 అని 17,187 మందితో చేసిన భారీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. గుండెపోటు వచ్చినవాళ్ళకి ఆస్పిరిన్ ఇస్తే అయిదు వారాల్లో మరణాలు బాగా తగ్గాయని తేల్చింది అదే. ఆ ఫలితాలని అచ్చుకి పంపేటప్పుడు, ఫలానా వయసు వాళ్ళకి ఎంత, ఫలానా రకం వాళ్ళకి ఎంత అని ముక్కలు ముక్కలుగా చూపించమని పత్రికవాళ్ళు అడిగారు. పరిశోధకులు ఒప్పుకుని, పనిలో పనిగా రాశుల వారీగా కూడా విడదీసి పెట్టారు. మిథున, తులా రాశుల వాళ్ళకి ఆస్పిరిన్ మేలు చేయకపోగా కాస్త చెడు చేసినట్టు తేలింది! (నవ్వులు) వాళ్ళు చెప్పదలుచుకున్నది అదే. పెద్ద గుంపుని కోసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఉత్తపుణ్యానికి ఇలాంటి వింత కనబడి తీరుతుంది. తులారాశి వాళ్ళెవరైనా ఉంటే ఆస్పిరిన్ మానకండి.

ఇప్పుడు కంటికి వద్దాం.

గ్లకోమా, నీటికాసులు అంటాం. కంట్లో ప్రెషర్ పెరిగి, చూపు నరం మెల్లగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. చూపు అంచుల్నించి కొరుక్కుంటూ వస్తుంది కాబట్టి చాలాకాలం తెలియదు. చుక్కల మందులన్నీ ఆ ప్రెషర్‌ని తగ్గించేవే. మరి ప్రెషర్ ఎలా కొలుస్తారో చూశారా ఎప్పుడైనా? కంట్లో మత్తు చుక్క వేస్తారు, పసుపు రంగు పూస్తారు, నీలం లైటు వేసి చిన్న గాజు మొనని కంటిపాప మీదున్న పొరకి ఆనిస్తారు. ఆ గాజులోంచి చూసే డాక్టరుకి ఆకుపచ్చగా రెండు అర్ధచంద్రాలు కనిపిస్తాయి, పైనొకటి, కిందొకటి. చక్రం తిప్పుతూ ఆ రెండిటి లోపలి అంచులు ఒకదానికొకటి తగిలేలా చేస్తారు. తగిలిన చోట ఉన్న అంకెని బట్టి కంటి ప్రెషర్ తెలుస్తుంది. చెప్పినంత తేలిక కాదు. ఎందుకంటే ఆ అర్ధచంద్రాలు ఊరికే ఉండవు, కొట్టుకుంటూ ఉంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా కంట్లోకి రక్తం తోసుకొచ్చి ప్రెషర్ కాస్త పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. మొదటిసారి ఆ కటకంలోంచి చూసినప్పుడు నేను కన్ను కొలుస్తున్నానా, నాడి చూస్తున్నానా అనిపించింది.

ఆ అంకె పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొర మందంగా ఉన్నవాళ్ళకి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మెడ దగ్గర కాలర్ బిగుతుగా ఉన్నా, ఊపిరి బిగబట్టినా పెరుగుతుంది. ఇంకో చిక్కు ఉంది. ప్రెషర్ ఎక్కువ ఉన్న రోజునే కదా మనిషిని ట్రయల్లో చేర్చుకుంటాం? రెండోసారి కొలిస్తే, ఏ మందూ వేయకపోయినా, చాలామందికి కాస్త తక్కువే వస్తుంది. జ్వరం నూట మూడు ఉన్నప్పుడు తాయెత్తు కడితే మర్నాటికి తగ్గినట్టు. తాయెత్తు గొప్ప కాదది, నూట మూడు ఎప్పటికీ అలాగే ఉండదు.

అయినా ఆ ప్రెషర్ కూడా మళ్ళీ ఒక అంకే కదా, ఈసీజీ గీతలాగే. దాన్ని తగ్గిస్తే కన్ను నిలుస్తుందా? ఈ ప్రశ్నకి గట్టి జవాబు 2002లో వచ్చింది. ప్రెషర్ ఎక్కువ ఉన్నా ఇంకా నరం దెబ్బతినని 1636 మందిని తీసుకుని, సగం మందికి చుక్కలు వేసి, సగం మందిని జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉన్నారు. అయిదేళ్ళకి గ్లకోమా మొదలైనవాళ్ళు చుక్కలు వేసిన వాళ్ళలో 4.4 శాతం, వేయని వాళ్ళలో 9.5 శాతం. ఇక్కడ అంకె అబద్ధం చెప్పలేదు. అదే ట్రయల్లో ఇంకో సంగతి బయటపడింది. చూపు అంచుల్ని పరీక్షించడానికి గడ్డం ఒక పీట మీద ఆనించి, లైటు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. అందులో తేడా ఉందని మొదటిసారి వచ్చిన ఫలితాల్లో దాదాపు 86 శాతం, మళ్ళీ పరీక్షిస్తే నిలబడలేదు. మనిషి అలిసిపోయి ఉంటాడు, రెప్ప వాలి ఉంటుంది, ధ్యాస ఎక్కడో ఉంటుంది. ఒక్క రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడేవాళ్ళకి నేను ఈ అంకె చెప్తుంటాను.

రెటీనా, అంటే కంటి లోపల వెనకనున్న పొర, దాని మందుల్లో ఇంకో రకం తంటా. వయసు మీద పడ్డాక రెటీనా మధ్యలో పిచ్చి రక్తనాళాలు మొలిచి, కారి, చూపుని చెడగొట్టే జబ్బు ఒకటుంది. దానికి రానిబిజుమాబ్ అనే మందు కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు, నెలనెలా. సరే, ప్లాసిబో గుంపుకి ఏం చేస్తాం? ఉత్తి నీళ్ళు కంట్లోకి పొడవలేం కదా! 2006లో వచ్చిన మరీనా ట్రయల్లో ఏం చేశారంటే, అంతా మామూలుగానే చేసి, మత్తు ఇచ్చి, చివర్లో సూది లేని సిరంజిని కంటికి గట్టిగా నొక్కారు. సూది వేసే డాక్టరుకి సంగతి తెలుసు. అందుకే చార్టు చదివించేవాళ్ళు వేరే ఉండాలి, వాళ్ళకి తెలియకూడదు. మామూలుగా దీన్ని డబుల్ బ్లైండ్ అంటారు. కంటి డాక్టర్లు మాత్రం ఆ మాట వాడరు, "మాస్క్డ్" అంటారు. చూపు పోతుందేమోనని బెంగతో వచ్చిన మనిషి చేతిలో "బ్లైండ్" అని రాసిన కాగితం ఎలా పెడతాం?

ఏడాదికి ఫలితం చూస్తే, ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళు సగటున 7 అక్షరాలు ఎక్కువ చదివారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్ళు 10 అక్షరాలు పోగొట్టుకున్నారు. 15 అక్షరాలు, అంటే మూడు వరుసలు మెరుగైతే దాన్ని గట్టి లాభం కింద లెక్కేస్తారు. ఇంతకుముందు మెల్లగా పోవడమే తప్ప తిరిగి రావడం ఎరుగని చూపు అది. 7 అక్షరాలు కొంచెంగా అనిపిస్తే, పక్కన పోయిన ఆ 10 కూడా కలుపుకుని చూడండి. తర్వాత 2011లో, క్యాన్సర్ కోసం తయారైన బెవాసిజుమాబ్‌ని దీనితో పక్కపక్కన పెట్టి పోల్చారు. నెలనెలా ఇస్తే ఒకదానికి 8, ఇంకోదానికి 8.5 అక్షరాలు. దాదాపు ఒకటే. ధరలో మాత్రం ఎన్నో రెట్ల తేడా.

గుండె గురించీ కంటి గురించీ ఒకే రోజు ఎందుకు మాట్లాడుతున్నాడబ్బా అని కొందరు అనుకుంటూ ఉంటారు. ఈ రెండూ ఒకదాని గుట్టు ఒకటి బయటపెడుతుంటాయి. డిజిటాలిస్ మొక్క ఆకుని ఒళ్ళు నీరు పట్టిన రోగులకి వాడి, 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లిష్ డాక్టరు వివరంగా రాశాడు. మోతాదు మించితే వస్తువులు పచ్చగా, పసుపుగా కనిపిస్తాయని అందులోనే ఉంది. గుండె మందు మోతాదు మించిన సంగతి కన్ను చెప్పిందన్నమాట. నాకు ఆయన మీద గౌరవం ఇంకొందుకు. బాగుపడ్డవాళ్ళ కథలే ఏరి రాస్తే మందుకి గొప్ప పేరొచ్చేదని తెలిసి కూడా, కుదరని కేసులు, చనిపోయిన కేసులు అన్నీ కలిపి రాశాడు. అదే జాతి మొక్క నుంచి వచ్చిన డిగాక్సిన్‌ని 6800 మంది మీద సరిగ్గా తూచింది 1997లో, 212 ఏళ్ళ తర్వాత! ప్రాణం నిలపడంలో తేడా లేదు, ఆస్పత్రిపాలు కావడం మాత్రం తగ్గింది.

ఐవాబ్రాడిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గుండె కణాల్లో అది మూసే సన్నని ద్వారాల్లాంటివే రెటీనాలోనూ ఉన్నాయి. అందుకని కొందరికి చీకట్లోంచి వెలుగులోకి వచ్చినప్పుడు మెరుపులు కనిపిస్తాయి. ఇది ఫర్వాలేదు, ఎక్కువగా దానంతటదే సర్దుకుంటుంది. ప్రాక్టొలాల్ కథ అలా సర్దుకోలేదు. 1970లో బ్రిటన్‌లో వచ్చిన గుండె మందు అది. జంతువుల మీద పరీక్షల్లో ఏమీ తేలలేదు. వాడినవాళ్ళలో కొందరికి కళ్ళు ఎండిపోయాయి, కొందరికి చూపే పోయింది. 1975లో పీటర్ రైట్ అనే కంటి డాక్టరు ఆ కేసుల్ని గుదిగుచ్చి ప్రకటించాడు. ఆ ఏడే మామూలు వాడకం నుంచి మాత్రలు తీసేశారు. గుండె డాక్టర్ల లెక్కల్లో ఆ మందు బాగానే పనిచేస్తోంది. వాళ్ళు కళ్ళలోకి చూడలేదు, అంతే.

ఇవన్నీ గుండె మందులు కంటిని పట్టినవి. దీనికి తిరగబడ్డది కూడా ఉంది. కంట్లో వేసే ఒక్క చుక్కలో లోపలికి ఇంకేది అయిదు శాతం కూడా ఉండదు. కొంత చెంప మీదకి కారిపోతుంది, కొంత కంటి మూలనున్న సన్నని దారిలోంచి ముక్కులోకి దిగి, అక్కణ్ణించి నేరుగా రక్తంలోకి పోతుంది. మాత్ర మింగితే ముందు కాలేయం దాటాలి, దీనికి ఆ అడ్డు కూడా లేదు. (కుందేళ్ళ మీద పరీక్షించి చుక్కలు ఎంతసేపు నిలిచాయో చూసి మురిసిపోయేవాళ్ళున్నారు. కుందేలు ఎప్పుడో గానీ రెప్ప వేయదు, మనం నిమిషానికి పదిహేనుసార్లు వేస్తాం.) గ్లకోమాకి వేసే టిమోలాల్ బీటా బ్లాకరే. ఒక కంట్లో మందు వేసి, రెండో కంటిని పోల్చి చూడటానికి ఉంచుదామంటే, మందు వేయని కంట్లో కూడా ప్రెషర్ తగ్గుతుంది, రక్తం గుండా అక్కడికీ చేరుతుంది కాబట్టి. ఆ దారిలోనే గుండెకీ చేరుతుంది.

నేను చెప్పదలుచుకున్నది అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు, మూడో వరుసలో.

(శ్రోత: సార్, నాకు గ్లకోమా చుక్కలు రెండేళ్ళుగా వేస్తున్నారు. నాకైతే ఏ తేడా తెలియట్లేదు. పనిచేస్తున్నట్టా, లేనట్టా?)

మంచి ప్రశ్న అడిగారు. ఆ చుక్కలు పనిచేస్తే మీకు ఏమీ తెలియకూడదు. ఉన్న చూపు ఉన్నట్టు ఉండటమే దాని ఫలితం. ఒక్కసారి ప్రెషర్ చూసి చెప్పలేం. వేర్వేరు వేళల్లో చూసినవి, రెండేళ్ళలో చేసిన ఫీల్డు పరీక్షలు, అంటే ఇందాక చెప్పిన బటన్ నొక్కే పరీక్షలన్నీ వరుసగా పేర్చి చూడాలి. ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. రోజూ వేసుకుంటున్నారా, చెకప్ దగ్గరపడ్డప్పుడు గుర్తొస్తున్నాయా?

(శ్రోత: అంటే... మధ్యలో కొన్ని రోజులు పోతాయి సార్. నవ్వులు)

అందరికీ పోతాయండీ. పోయిన సంగతి మీ డాక్టరుకి చెప్పండి. లేకపోతే చెకప్ రోజు అంకె బాగా వచ్చి, చూపు మాత్రం తగ్గుతుంటే ఆయన మందు మారుస్తూ పోతాడు. ఇంతకీ ఏం చుక్కలు?

(శ్రోత: టిమోలాలే సార్. మీరు అన్నదే.)

గుండెకి కూడా ఏమైనా వాడుతున్నారా?

(శ్రోత: మెటోప్రొలాల్ మాత్ర ఉంది. గుండె డాక్టరు ఇచ్చారు.)

చుక్కలు వేసుకుంటున్నట్టు గుండె డాక్టరుకి చెప్పారా?

(శ్రోత: ఏం మందులు వాడుతున్నారని అడిగితే మాత్రలే చెప్పానండీ. చుక్కలు మందు కింద వస్తాయనుకోలేదు.)

మీ నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఎవరైనా చూశారా ఈ మధ్య?

(శ్రోత: లేదు సార్.)

చుక్కలు మీ అంతట మీరు మానకండి, మాత్ర కూడా మానకండి. ఒకసారి ఇటు ముందుకు రండి, మీ చెయ్యి ఇవ్వండి. మిగతావాళ్ళు ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉంటే లెక్కపెడతాను.